వెనకగది రేడియోల వేలం

మన ఇంటి వరండా
సోమవారం, అంట్లు తోమాక

సిస్టరమ్మకి,

చేతిలో ఫోన్ ఉండగా ఈ ఉత్తరమేమిటని నవ్వకు. నీకు ఫోన్ చేశానంటే మీ అన్నయ్య స్పీకర్ పెట్టించి పక్కనే కుర్చీ వేసుకుంటారు. ఆయన మీద చాడీలు ఆయన ముందే చెప్పే ధైర్యం నాకింకా రాలేదు. అందుకని పోస్టు. నువ్వూ పోస్టులోనే జవాబు రాయి.

సంగతేమిటంటే, వెనకగది ఖాళీ చెయ్యాలి. రేడియోల షాపు మూసేసిన రోజున "గుర్తుగా రెండు సెట్లు తెచ్చుకుంటానే" అన్న మనిషి, బండి మీద బండి దింపారు. ఇప్పుడు నేల మీంచి పైకప్పు దాకా రేడియోలే. వాటిల్లో పాడేవెన్ని అని అడిగితే ముఖం చిన్నబుచ్చుకుంటారు. దీనికి వాల్వు ఒక్కటే తక్కువట. దానికి నాబ్ దొరికితే చాలట. రేడియో మెకానిక్కుని కట్టుకుంటే ఇల్లు రేడియోల ఆస్పత్రి అయిపోతుందని పెళ్ళినాడు ఒక్కళ్ళన్నా చెప్పారా? నీకు ముందే తెలుసు. నీ అన్నే కదా, నోరు విప్పలేదు.

నెల్లాళ్ళు చెవినిల్లు కట్టుకుని పోరితే పోయినవారం దిగొచ్చారు. "సరే, పెట్టెల్లో ఉన్నవి అమ్ముకో. ధర మాత్రం నన్నడక్కు, నా నోటితో చెప్పలేను" అన్నారు. ఆయన్నే అడక్కూడదంటే నేనెవర్ని అడగాలి? నువ్వు పింగాణీ కప్పులూ అవీ ఆన్‌లైన్లో అమ్ముతున్నావు కదా, నీ ఖాతాలోనే ఇవీ పెడదాం. వేలం పెట్టాలా, ధర కట్టి కూర్చోవాలా? నాకు తెలిసిన వేలమల్లా ఒకాయన గొంతు చించుకుని సుత్తితో బల్ల మీద కొట్టడమే.

గది ఖాళీ చేసి ఏం చేస్తావని ఆయనా అడగలేదు. నువ్వూ అడక్కు.

ఇంకొకటి. ఈ ఏడే కదా నీ రిటైర్మెంటు? క్వార్టర్స్ మాటేం చేశావు? మొన్న ఫోన్లో అడిగితే వానల గురించి మాట్లాడావు. ఇప్పుడు కాగితం మీద అడుగుతున్నాను, కాగితం మీదే చెప్పు.

మీ వదిన


నర్సుల క్వార్టర్స్, పై అంతస్తు
డ్యూటీ దిగి టీ పెట్టుకుని

వదినా,

నీ ఉత్తరం వార్డులోనే చదివాను. నా నవ్వు విని ఎముక విరిగిన పేషెంటు కూడా "ఏమైంది సిస్టర్?" అని లేచి కూర్చోబోయాడు.

ముందు పాఠం. ధర నీకు తెలిసిందనుకో, కొనేవాడి కోసం ఆగే ఓపికా ఉందనుకో, ఒకే ధరకి పెట్టు. పగ్గం నీ చేతిలో ఉంటుంది. పెంచుకోవచ్చు, తగ్గించుకోవచ్చు, ఇష్టం లేకపోతే తీసేసుకోవచ్చు. అదెంత చేస్తుందో ఎవరికీ తెలీనప్పుడు వేలం మంచిది. లేదా ఫలానా రోజుకల్లా వస్తువు ఇంట్లోంచి కదలాలి, ఎంతొస్తే అంత అనుకున్నప్పుడు వేలం. ఒక్క పాట పడిందంటే ఇక మనసు మార్చుకోడానికి లేదు. గడువు రోజున హెచ్చుపాట ఎవరిదో వస్తువు వాళ్ళదే. ఏడ్చినా అంతే.

మనకేం తొందర లేదు కాబట్టి ఒకే ధరతో మొదలుపెడదాం. పొద్దుటి వెలుతురులో ఫొటోలు తియ్యి. ముందు దుమ్ము దులుపు. కేస్ షీటు రాసినట్టు రాయి: ఏది పనిచేస్తుంది, ఏది చెయ్యదు, దెబ్బ ఎక్కడుంది. దాచావంటే వస్తువు తిరిగొస్తుంది. ఖాతా పాస్‌వర్డు చీటీ మీద రాసి ఇందులో పెట్టాను. దాన్ని మింగెయ్.

క్వార్టర్స్ గురించి నీకెందుకంత బెంగ? రిటైరయ్యాక కూడా ఉండొచ్చని సూపరింటెండెంటు గారే అన్నారు. నా బాల్కనీ, నా మొక్కలు, నా కుర్చీ. నాకేం లోటు?

అన్నయ్య మందులు వేళకి వేసుకుంటున్నాడా?

నీ ఆడపడుచు


వరండాలోనే
చాలా కోపంగా

సిస్టరమ్మా,

నీ ఒకే ధర నా ప్రాణానికొచ్చింది! ఒకాయన "లాస్ట్ రేటు చెప్పండి మేడం" అంటాడు. పైన అంకెలేసి చెప్పాను కదయ్యా అంటే, "అది ఫస్ట్ రేటు కదా" అంటాడు. ఇంకొకాయన సగానికి అడిగి, పాత స్పీకరొకటి ఊరికే వెయ్యమన్నాడు. ఒళ్ళు మండి ధర పెంచేశాను. మర్నాడు మళ్ళీ వచ్చి "నిన్నటి రేటుకిస్తారా?" అన్నాడు. అప్పుడు మాత్రం కాస్త నవ్వొచ్చింది. ఇచ్చేశాను.

వాళ్ళతో ఎలాగో పడొచ్చు. మీ అన్నయ్యతోనే పడలేను. పొద్దున నేను ప్రకటన పెడతాను. సాయంత్రం కాఫీ గ్లాసు పట్టుకుని వస్తారు. "ఆ చిన్నది వద్దులేవే, దాన్ని బాగుచేద్దామనుకుంటున్నా." ఎప్పట్నుంచి అనుకుంటున్నారు? షాపు ఉన్నప్పట్నుంచి! సరేనని తీసేస్తాను. మర్నాడు ఇంకొకటి. అమ్మినవి రెండు, వెనక్కి తీసుకున్నవి నాలుగు. ఇలా అయితే నేను పోయేనాటికి గదిలో ఇంకో రెండు పెరుగుతాయి. వెనక్కి తీసుకునే వీలుంది కాబట్టే తీసుకుంటున్నారు. నాకా పగ్గం వద్దు. వేలం పెట్టు.

అన్నిటికన్నా అడుగు పెట్టెలో ఒకటి దొరికింది. బొగ్గులా ఉంది. మీ అన్నయ్యకి దాని ముఖం కూడా గుర్తులేదు, "ఆ నల్లదా, తీసుకుపో" అన్నారు. ఆయన క్షవరానికి వెళ్ళినప్పుడల్లా, నడకకి వెళ్ళినప్పుడల్లా టూత్‌బ్రష్షూ సబ్బునీళ్ళూ పెట్టుకుని కూర్చున్నాను. తీరా చూస్తే అది నలుపే కాదు! మీగడ రంగు. డయల్ చుట్టూ సన్నటి బంగారు గీత. ఎంత ముద్దొచ్చిందో చెప్పలేను. ఆయనకి చూపించలేదు, చూపిస్తే ఇక గడప దాటదు. చీరల కింద దాచాను. ఫొటోలు పంపాను, వేలం గడువు నువ్వే చూసి పెట్టు.

మీ వదిన


నర్సుల క్వార్టర్స్
ఇంకా నవ్వుతూనే

వదినా,

నువ్వు కూర్చుని చదువు. నిలబడి చదవకు.

నీ మీగడ రంగు సుందరి కోసం పెద్ద యుద్ధమే జరిగింది. మొదటి నాలుగు రోజులూ ఉలుకూ పలుకూ లేదు. తర్వాత ఇద్దరు దిగారు. ఒకరు పాడితే రెండోవారు పైన పాడటం. నేను వార్డులో బీపీలు చూస్తూ ఇది చూసేదాన్ని, నా బీపీ పెరిగింది. ఆఖరి పూటైతే ఇద్దరూ పట్టిన పట్టు వదలరే! చివరికి ఒకాయన గెలిచాడు. నువ్వు కలలో కూడా అనుకోని ధర. సొమ్ము కూడా వెంటనే కట్టేశాడు. ఎవరీ మహానుభావుడు, పెట్టె ఎక్కడికి పంపాలి అని అడ్రసు తెరిచాను.

మన ఇల్లే!

మన వీధి, మన తలుపు నంబరు, మా అన్నయ్య పేరు. రెండుసార్లు కళ్ళద్దాలు తుడుచుకున్నాను. ఆయనగారు నీ చీరల కింద ఉన్న ఆయన రేడియోనే ఆయన పాడి కొనుక్కున్నాడు వదినా! ఖాతాకి నా పేరు లేదు కదా, అమ్మేది నేనేనని తెలీక "అడ్డంగా తిప్పకండి, జాగ్రత్తగా ప్యాక్ చెయ్యగలరు" అని నాకు మెసేజొకటి.

పాపం, ఏమీ అనకు. వీలైతే ఆయన ముఖం ఎలా పెట్టాడో మాత్రం రాయి.

నీ ఆడపడుచు


వరండా
గురువారం

బుజ్జీ,

ఈసారి సిస్టరమ్మా అని రాయబుద్ధి కావడం లేదు. ఎందుకో చివర్లో చెబుతాను.

ముందు నువ్వడిగింది. బీరువా తీసి, చీరలు తొలగించి, సెట్టు ఆయన ముందు బల్ల మీద పెట్టాను. "డెలివరీ వచ్చింది" అన్నాను. తెల్లముఖం వేశారు. వెనక్కి తిప్పి, అడుగున తన చేత్తో గీసిన నంబరు చూసుకున్నారు. "ఇది మన నల్లదా?" అన్నారు. ఆ తర్వాత ఏమన్నారో తెలుసా? "ఇంత శుభ్రంగా ఉంటే నేనెలా గుర్తుపడతానే!" తప్పంతా నాదే, కడిగినందుకు.

బేరమాడందే అగ్గిపెట్టె కొనని మనిషి, అంత ధర దాకా ఎలా పాడారండీ అని అడిగాను. "ఎవడో నా సెట్టు మీద కన్నేశాడు, చూస్తూ ఊరుకోనా?" అన్నారు. అప్పటికి అది మీ సెట్టు కాదు కదా అంటే, "నాదయ్యేది కదా!" అని నా మీదే ఎగిరారు. నిజానికి అప్పటికీ అది ఆయన సెట్టే. నాకు నవ్వాగలేదు. కాసేపటికి ఆయనకీ ఆగలేదు. ఇద్దరం అలా నవ్వి చాలా ఏళ్ళయింది.

ఇక అసలు సంగతి. నువ్విచ్చిన పాస్‌వర్డు నా దగ్గరుందని మర్చిపోయావు. నిన్న ఖాతా తెరిస్తే నా రేడియోల కింద నీ మంచం కనబడింది. దాని కింద బీరువా. కుట్టుమిషను. బాల్కనీ కుర్చీ. మొక్కలతో సహా కుండీలు. బుజ్జీ, ఇవేవీ ఒకే ధరకి లేవు. అన్నీ వేలమే. అన్నిటికీ ఒకటే గడువు, నెలాఖరు శనివారం.

వేలం ఎప్పుడు పెట్టాలో నాకు పాఠం చెప్పింది నువ్వే. ఫలానా రోజుకల్లా ఇంట్లోంచి కదలాలి, ఎంతొస్తే అంత. నీ మంచం ధర నీకు తెలీదా? తెలుసు. మరి ఆ శనివారం తర్వాత నువ్వెక్కడ పడుకుంటావు?

ఈసారి కోతలు కొయ్యకు.

మీ వదిన


నర్సుల క్వార్టర్స్
శనివారం

వదినా,

దొరికిపోయాను. నీకు పాఠం చెప్పినప్పుడే ఒళ్ళు దగ్గరపెట్టుకోవాల్సింది.

సూపరింటెండెంటు గారు ఉండమన్న మాట అబద్ధం. ఈ నెలాఖరుకి రిటైరయ్యాక పది రోజుల్లో తాళాలిచ్చెయ్యాలి. కొత్తగా చేరిన అమ్మాయికి నా ఇల్లు రాశారు, మంచి పిల్ల, కొలతలు తీసుకుందామని వచ్చి నా ముందు కొలవడానికి మొహమాటపడింది. నేనే టేపు రెండో కొస పట్టుకున్నాను. ఆమె వెళ్ళాక ఏడ్చాను.

ఒంటరి ఆడవాళ్ళకి హాస్టల్ ఉంది. ఒక మంచం, ఒక చిన్న అలమర వాళ్ళే ఇస్తారు. మనవి తీసుకెళ్ళకూడదు. గదికి ముగ్గురు. నేను వార్డుల్లో బతికినదాన్ని, నాకది కొత్తేం కాదు.

మీ దగ్గరికి రావచ్చు కదా అంటావు. నువ్వంటావని తెలుసు కాబట్టే దాచాను. వదినా, నీ ఇంటికొస్తే నాలుగు రోజులు నువ్వు నన్ను నెత్తిన పెట్టుకుంటావు. నాకు తెలుసు. కానీ నేను చుట్టంగా బతకలేను. ముప్ఫై ఏళ్ళు నా తలుపు నేను తీసుకుని, నా దీపం నేను ఆర్పుకున్నాను. రేపు నేను ఆలస్యంగా లేస్తే నీకేమనిపిస్తుందో అని పక్క మీదే ఆలోచిస్తూ పడుకోవడం నావల్ల కాదు. నువ్వేమీ అనవు. అననందుకే ఇంకా భయం.

అయినా మీకు గదెక్కడుంది? ఉన్న ఒక్కటీ అన్నయ్య ప్రాణం. దాన్నేమీ చెయ్యకు. అన్నయ్యకి ఒక్క ముక్క కూడా చెప్పకు. ఒట్టు.

నీ ఆడపడుచు


మన ఇల్లు
నెలాఖరు ఆదివారం

బుజ్జీ,

నేను చెప్పలేదు. నీ ఉత్తరం భోజనాల బల్ల మీద మర్చిపోయాను, అంతే. ఆయన కళ్ళద్దాల పక్కన. నమ్మితే నమ్ము, లేకపోతే లేదు.

నేను గది ఎందుకు ఖాళీ చెయ్యాలనుకున్నానో ఇప్పుడు చెబుతాను. మొదట్నుంచీ నీ కోసమే. నీ రిటైర్మెంటు దగ్గరపడుతోందని నాకు గుర్తుంది, మీ అన్నయ్యకి తేదీలు గుర్తుండవు. అడిగితే ఆయన కాదనరు. కానీ రేడియోలు ఒక్కొక్కటీ వెళ్తుంటే చాటుగా కుమిలిపోతారని, నెమ్మదిగా అమ్ముదామని చూశాను.

ఉత్తరం చదివి మడిచి పెట్టారు. గదిలోకి వెళ్ళి చాలాసేపు ఉన్నారు. బయటికొచ్చి, "బుజ్జి మంచం ఏ గోడకి పడుతుంది?" అన్నారు. తర్వాత అన్న మాట ఉన్నదున్నట్టు రాస్తున్నాను. "అన్నీ వేలం పెట్టెయ్. శనివారం గడువు పెట్టు. ఒకే ధరకి పెట్టావంటే నేను మళ్ళీ వెనక్కి తీసేసుకుంటాను. నన్ను నమ్మొద్దు."

అన్నీ అంటే అన్నీ. వెనక్కి తీసుకున్న నాలుగూ, ఎత్తి పెట్టుకున్నవీ, ఆ మీగడ రంగుదీ. ఒక్కో దానికీ ఎక్కడ దెబ్బో ఆయనే చెప్పారు, నేను రాశాను. చాలావాటికి పెద్ద ధరేం రాలేదు. శనివారం గడువు దాటేటప్పుడు పెరట్లోకి వెళ్ళిపోయారు, చూడలేదు. పిలిచి "అయిపోయింది" అన్నాను. "మంచిది" అన్నారు. అన్నం సరిగా తినలేదు.

ఇంకొకటి. నీ సామాన్ల మీద అప్పటికే పాటలు పడ్డాయి, ఇక ఆపడానికి లేదు కదా. అందుకని ఆయనే పాడారు. ఈసారి తెలిసే పాడారు. మంచం మనది, బీరువా మనది, కుర్చీ మనది. మొక్కలకి పోటీ ఎవరూ రాలేదు. కుట్టుమిషను మాత్రం ఎవరో ఎగరేసుకుపోయారు, పోనీలే, నాది వాడుకో.

ఇప్పుడు చెప్పు. నీ మంచం మా ఇంట్లో ఉండి నువ్వు హాస్టల్లో ఉంటావా?

మీ వదిన


నర్సుల క్వార్టర్స్
సామాన్ల మధ్య నేల మీద కూర్చుని

వదినా,

శనివారం అడ్రసులు వరుసగా వస్తుంటే నేను చూశాను. మంచం, మన ఇల్లు. బీరువా, మన ఇల్లు. కుర్చీ దగ్గరికొచ్చేసరికి ఇక చదవలేకపోయాను.

అన్నయ్య అంత పని ఎందుకు చేశాడు? ఆ రేడియోల్లో ఒక్కొక్కటీ ఆయన పిల్ల కదా. నాకు కోపం కూడా వస్తోంది, ఇద్దరూ కలిసి నన్ను ఇలా కట్టేసినందుకు. కోపం ఎంతసేపు ఉంటుందో చూద్దామని కూర్చున్నాను, టీ చల్లారేలోపే పోయింది.

వస్తాను. కానీ నా షరతులు విను, ఇందులో బేరాల్లేవు. నేను అద్దె ఇస్తాను, నెలనెలా, ఎంతో నేనే చెబుతాను. నా గదిలో నాకో చిన్న స్టవ్ ఉండాలి, నా టీ నేను పెట్టుకుంటాను. లోపలివైపు గడియ ఉండాలి. వీధిలో వాళ్ళందరినీ "మా ఆడపడుచు నర్సు" అంటూ బీపీ చూడమని తీసుకురాకూడదు. ఒప్పుకుంటే, ఇక్కడ అప్పజెప్పేవి అప్పజెప్పి పై వారం ఆదివారం బయల్దేరతాను. సామాను ముందు వస్తుంది.

అద్దె మాట విని నొచ్చుకుంటావని తెలుసు. నొచ్చుకోకు వదినా. అది లేకపోతే నేను రాలేను.

నీ ఆడపడుచు


మన ఇల్లు
మంగళవారం

బుజ్జీ,

నొచ్చుకున్నాను. ఒక పూటంతా నొచ్చుకుని, తర్వాత ఆలోచించాను. అద్దె తీసుకుంటాను. నాకు పెళ్ళయినప్పట్నుంచీ నాదంటూ తలుపు ఒక్కటి కూడా లేదు. నీకుంటే బాగుండుననిపించింది. అద్దె ఇచ్చేవాళ్ళ గదిలోకి ఇంటావిడ తలుపు తట్టకుండా రాకూడదు. తట్టే వస్తాను. రోజుకెన్నిసార్లు తడతానో మాత్రం నువ్వడక్కూడదు, అది నా షరతు.

గడియ బిగించారు. స్టవ్ పెట్టే బల్ల తుడిచి పెట్టాను. బీపీ సంగతి మాత్రం, పక్కింటావిడకి ముందే చెప్పేశాను. ఆవిడ ఒక్కతే, ఇంకెవరూ లేరు.

నీ కోసమే పిలుస్తున్నానని అనుకోకు. మాట్లాడితే మాట్లాడే మనిషి కావాలి నాకు. ఇన్నాళ్ళూ రేడియోలున్న ఇంట్లో ఉన్నాను, ఒక్కటీ మాట్లాడలేదు.

కింద మీ అన్నయ్య ఏదో రాస్తారట. పెన్ను లాక్కుంటున్నారు.

మీ వదిన

బుజ్జీ,

నేను ఉత్తరం రాయడం ఇదే మొదలు, తప్పులుంటే నవ్వకు. ఆఖరి పెట్టె నిన్న వెళ్ళిపోయింది. ఆ గదికి పడమటివైపు కిటికీ ఉన్న సంగతే మర్చిపోయాను, సెట్లు అడ్డం. సాయంత్రం ఎండ నేల మీద పడుతోంది. నీ కుర్చీ అక్కడ వేద్దాం.

రేడియోలు పోయినందుకు నాకేం బాధ లేదని మీ వదినతో అన్నాను. అది అబద్ధం. గది తలుపు తియ్యాలంటే బెంగగా ఉంది. పొద్దుట్నుంచి రెండుసార్లు తీసి, లోపలికి వెళ్ళకుండానే వేసేశాను. నువ్వు లోపల ఉంటే వెళ్ళగలను.

ఆదివారం బయల్దేరతానన్నావట. శనివారమే రా.

అన్నయ్య